కందా మ్యోజిన్: బజారు నడుమ నిలిచిన గుడి

టోక్యోలోని కందా మ్యోజిన్ గుడికి తీసుకువెళ్లిన మనవాళ్లలో చాలామంది చివరికి ఒకే మాట అంటారు: ఇది గుడిలా లేదని. తెనాలి నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా బాబాయి కూడా అదే అన్నారు, కాకపోతే ఇంకొంచెం సూటిగా అన్నారు. "మనం దేవుడి దగ్గరికి వచ్చామా, సంతకి వచ్చామా రా?" అని అడిగారు. ఆయన ఎగతాళిగా అనలేదు. డెబ్బై ఏళ్లుగా క్రమం తప్పకుండా గుడికి వెళ్లే మనిషి నిజంగా నొచ్చుకుని అడిగిన ప్రశ్న అది. ఆ రోజు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. తరువాత చాలాకాలం దాని గురించి ఆలోచించాను. ఆయన చూసినవన్నీ నిజమే కానీ వాటి నుంచి ఆయన చేరుకున్న నిర్ణయం సరికాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను కనుక, నా కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆయన చూసినదేమిటో ముందు చెప్పాలి. ఆకిహబారా స్టేషన్‌లో దిగి, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలూ అనిమే (జపనీస్ కార్టూన్) బొమ్మల అంగళ్లూ దాటి, నిటారుగా ఉండే రాతిమెట్లెక్కితే గుడి ఆవరణలోకి చేరుకుంటాం. ఎదురుగా ఎర్రని లక్కపూతతో మెరిసే పెద్ద ఆలయం ఉంటుంది, దగ్గరికి వెళ్లి చూస్తే దాని స్తంభాలు చెక్కవి కావు, కాంక్రీటువి. ఒక పక్కన 2018 డిసెంబరులో తెరిచిన సాంస్కృతిక భవనంలో కానుకల దుకాణమూ, తినడానికీ తాగడానికీ చోటూ, పైన సభామందిరమూ ఉంటాయి. రక్షరేకులు ఇచ్చే కిటికీ దగ్గర, కంప్యూటర్లు పాడవకుండా, సమాచారం దొంగల పాలుకాకుండా కాపాడమని కోరుకునేవారి కోసం ప్రత్యేకంగా చేసిన రక్షరేకు కనిపిస్తుంది. మొక్కులు రాసి వేలాడదీసే ఎమా అనే చెక్కపలకల మీద సగానికి పైగా, పెద్దపెద్ద కళ్లున్న అమ్మాయిల బొమ్మలు ఎంతో ఓపికతో రంగుల్లో గీసి ఉంటాయి. ఈ గుడి పరిసరాలను కథాస్థలంగా తీసుకున్న ఒక అనిమే అభిమానులు వేసినవి అవి. ఇదంతా చూసిన పెద్దాయనకు సంత గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

నిశ్శబ్దమూ ప్రాచీనతా

అంతకు ముందు రోజు బాబాయిని మెయిజీ గుడికి తీసుకువెళ్లాం. హరజుకు స్టేషన్ పక్కన మొదలయ్యే ఆ దట్టమైన అడవిలో, గులకరాళ్ల బాట మీద నడుస్తుంటే అడుగుల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఆయన అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నడిచి, చివరికి "ఇది పురాతన క్షేత్రం, తెలుస్తూనే ఉంది" అన్నారు. నిజానికి ఆ గుడి 1920లో వెలిసింది. మెయిజీ చక్రవర్తినీ ఆయన రాణినీ కొలవడానికి ప్రభుత్వం పూనుకుని కట్టించినది. ఆ అడవి కూడా, దేశం నలుమూలల నుంచి కానుకగా వచ్చిన దాదాపు లక్ష చెట్లను ఒక పథకం ప్రకారం నాటి పెంచినది. ఆలయ భవనాలు 1945లో బాంబుదాడుల్లో కాలిపోగా, ఇప్పుడు కనిపించే ప్రధాన ఆలయాన్ని 1958లో తిరిగి కట్టారు.

కందా మ్యోజిన్ సంప్రదాయం ప్రకారం 730లో, ఇప్పటి ఓతెమాచి ప్రాంతంలో మొదలైంది. అప్పటి జపాన్‌ను ఏలిన తొకుగావా వంశపు పాలకులు ఎదో (టోక్యో పాత పేరు) కోటను విస్తరించే క్రమంలో 1616లో దానిని కోటకు ఈశాన్యంలో ఉన్న నేటి స్థలానికి తరలించారు. చెడు ప్రవేశిస్తుందని నమ్మే దిక్కు అది, అందుకే దానికి కాపలాగా ఈ గుడిని నిలిపారు. 1923 మహాభూకంపం తరువాత చెలరేగిన మంటల్లో పాత చెక్క ఆలయం కాలిపోయింది. ఇంకోసారి కాలకూడదన్న పట్టుదలతో 1934లో ఉక్కు చట్రం మీద కాంక్రీటుతో ఆలయాన్ని పునర్నిర్మించి, సంప్రదాయ పద్ధతిలో లక్క పూశారు. నిప్పుకు తట్టుకునేలా కట్టాలన్న ఆ నిర్ణయం ఎంత ముందుచూపుతో తీసుకున్నదో పదకొండేళ్లకే తేలింది: 1945లో చుట్టూ ఉన్న కందా పేటలు బూడిదైనా ఆలయం నిలిచింది. అంటే బాబాయి పురాతనమనుకున్న చెక్క ఆలయం, ఆయన కొత్తదనుకున్న కాంక్రీటు ఆలయం కన్నా వయసులో చిన్నది. మెయిజీ గుడిని తక్కువ చేయడానికి ఈ పోలిక తేలేదు, ఆ అడవిలో నాకూ మనసు నిమ్మళిస్తుంది. అయితే నిశ్శబ్దాన్నీ చెట్లనీ ప్రాచీనతకు గుర్తులుగా తీసుకునే అలవాటు మనల్ని ఎంత సులువుగా తప్పుదోవ పట్టిస్తుందో ఈ రెండు గుళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఎవరి గుడి

కందా మ్యోజిన్ ఊరికి దూరంగా, కొండ మీదో అడవిలోనో, సన్యాసుల కోసం వెలసిన గుడి కాదు. ఎదో కాలం నుంచీ అది కందా, నిహొంబాషి పేటల్లోని వర్తకుల, చేతివృత్తులవారి గుడి. ఇక్కడ కొలిచే ముగ్గురు దేవతల్లో ఇద్దరిని జనం సిరిసంపదలకూ వ్యాపారానికీ అధిపతులైన దైకొకు, ఎబిసులుగా ఆరాధిస్తారు. ప్రధాన ఆలయం వెనక్కి వెళ్తే, సందర్శకులు సాధారణంగా చూడకుండా వదిలేసే చిన్నచిన్న గుళ్లు వరసగా ఉంటాయి. నా దృష్టిలో ఈ ఆవరణ మొత్తంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. నిహొంబాషి చేపల బజారువారు కొలిచే జలదేవత గుడి వాటిలో ఒకటి. ఆ బజారు భూకంపం తరువాత త్సుకిజికీ, ఈ మధ్యకాలంలో తొయొసుకూ తరలిపోయినా దేవత ఇక్కడే ఉంది. కందా కూరగాయల బజారువారి ఇలవేల్పు మరొకటి. ఆ బజారు ఆకిహబారా పక్కన కొన్ని దశాబ్దాలు నడిచి 1989లో దూరంగా ఉన్న ఓతాకు తరలింది. ఆ వర్తకులు తమ బరువైన పల్లకీని ఇంకా ఈ గుడితోనే ముడిపెట్టుకుని ఉన్నారు. ఈ నగరంలో ఏ కాలంలో ఏ వ్యాపారం బతికిందో, ఎటు తరలిపోయిందో ఆ చిన్న గుళ్లను చూసి చెప్పవచ్చు.

ఆకిహబారా కథ కూడా ఇందులో భాగమే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ పరిసరాల రోడ్ల పక్కన రేడియో విడిభాగాలు అమ్ముకునే బండ్లు వెలిశాయి. ఓడిన జపాన్‌ను ఏలిన ఆక్రమణ సైన్యాధికారులు వీధి అంగళ్లను తొలగించమని ఆదేశించినప్పుడు, ఆ వర్తకులు రైలు వంతెనల కింద ఇరుకు గదుల్లోకి మారారు. అక్కడి నుంచి టీవీలు, తరువాత కంప్యూటర్లు, ఆ తరువాత ఆటలూ అనిమే బొమ్మలూ వచ్చాయి. చేపల వర్తకుడు వల నిండాలని మొక్కుకున్న చోట, కంప్యూటర్ల మీద బతికేవాడు తన సర్వరు ఆగిపోకూడదని మొక్కుకుంటే, అందులో కొత్తగా వచ్చిపడిన అపచారం ఏమిటో నాకు అర్థం కాదు. వృత్తి మారింది, మొక్కు మారలేదు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయంలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూటెనిమిది ప్రదక్షిణలతో మొక్కు తీర్చుకున్నవారు మా కార్యాలయంలోనే ఉన్నారు. వారిలో ఎవరికీ ఆ రక్షరేకు వింతగా తోచలేదు.

అయితే చిలుకూరు పేరెత్తగానే బాబాయి ఇచ్చిన జవాబు బలమైనది, దాన్ని దాటవేయలేను. "చిలుకూరులో హుండీ లేదు రా. మొక్కుకు కాళ్ల నొప్పే తప్ప ఖర్చు లేదు. ఇక్కడ ప్రతిదానికీ ధర రాసి పెట్టారు" అన్నారు. నిజమే. రక్షరేకుకూ, ఎమా పలకకూ, పూజారి చేసే ప్రార్థనకూ ఇక్కడ ఇంత అని ఉంటుంది. దీనికి నా సమాధానం కొంతవరకే పనికొస్తుందని తెలిసినా చెబుతాను. జపాన్‌లో 1945 డిసెంబరు నాటి ఆదేశంతో, జపాన్ సంప్రదాయ మతమైన షింటో గుళ్లకూ ప్రభుత్వానికీ ఉన్న బంధం తెగిపోయింది. 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 89వ అధికరణం మతసంస్థల నిర్వహణకు ప్రభుత్వ ధనం వాడడాన్ని నిషేధించింది. లక్క పెచ్చులూడినా, పైకప్పు కారినా, పూజారుల జీతాలకైనా, గుడికి కానుకలూ రక్షరేకులూ పేటల చందాలూ తప్ప వేరే ఆధారం తక్కువ. ధర రాసి పెట్టడం మన కళ్లకు మోటుగా కనిపించవచ్చు, నాకూ కొన్నిసార్లు అలాగే అనిపిస్తుంది. ఆ కానుకల దుకాణం ఇంకాస్త పక్కకు ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో చూస్తే, అది గుడి చుట్టూ బతుకుతున్నవారూ గుడిని వెతుక్కుంటూ వచ్చినవారూ ఇచ్చేదే.

ఆ అనిమే పలకల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒకసారి సాయంత్రం నీళ్ల తొట్టి దగ్గర నా ముందు ఒక కుర్రవాడు నిలబడ్డాడు. అతని సంచి ముందుభాగం కనిపించనంతగా అనిమే బిళ్లలు గుచ్చి ఉన్నాయి. అతడు ఎడమచేయి, కుడిచేయి, నోరు వరసగా కడుక్కుని, గరిటెను నిలువుగా ఎత్తి మిగిలిన నీళ్లతో దాని పిడిని కూడా కడిగి తరువాతివారి కోసం బోర్లించి పెట్టాడు. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు చరిచి, మళ్లీ ఒకసారి వంగి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. అతని వెనక నిలబడిన నాలాంటి ఉద్యోగులం ఒకరినొకరం చూసుకుంటూ ఆ క్రమం గుర్తు తెచ్చుకుంటున్నాం. తరువాత అతడు వేలాడదీసిన పలకను నా సహోద్యోగిని ఒకామె చదివి చెప్పింది: తల్లికి జరగబోయే శస్త్రచికిత్స బాగా జరగాలని రాసి ఉంది, పక్కన బొమ్మ. ఒక్క కుర్రవాణ్ణి చూసి అభిమానులందరి భక్తినీ తేల్చలేనని తెలుసు. బొమ్మ కోసమే వచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు ఎందరో ఉంటారు. కానీ పలక మీది బొమ్మను చూసి మొక్కు లోతును కొలవడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

గాయం ఎటు నుంచి వచ్చింది

వ్యాపారం గుడిని పాడుచేసిందనేవారు ఈ గుడి చరిత్రలో ఒక ఘట్టాన్ని తప్పక చూడాలి. ఇక్కడి మూడో దేవత తైరానో మసకాదో. పదో శతాబ్దంలో తూర్పు ప్రాంతాలను గుప్పిట్లోకి తెచ్చుకుని, క్యోటో చక్రవర్తిని కాదని తానే కొత్త చక్రవర్తినని ప్రకటించుకుని, 940లో యుద్ధంలో చనిపోయిన వీరుడు ఆయన. తెగిన ఆయన తల క్యోటో నుంచి ఎగిరివచ్చి పడిందని చెప్పే దిబ్బ ఓతెమాచిలో ఉంది. గుడి మొదట ఉన్నది దాని పక్కనే. ఆయన ఆగ్రహాన్ని శాంతింపజేయడానికి 14వ శతాబ్దం మొదట్లో ఆయనను ఈ గుడిలో దేవతగా ప్రతిష్ఠించారు. ఎదో జనానికి ఆయన తమ పక్షాన నిలిచిన దేవుడు, అంతటి తొకుగావా పాలకులు కూడా ఆ భక్తిని కాదనలేదు.

మెయిజీ ప్రభుత్వం కాదంది. చక్రవర్తి పేరిటే రాజ్యం నడుస్తున్న కొత్త కాలంలో, చక్రవర్తిని ధిక్కరించినవాడు రాజధాని నడిబొడ్డున దేవుడిగా ఉండడం ఏలినవారికి మింగుడుపడలేదు. 1874లో మెయిజీ చక్రవర్తి ఈ గుడిని దర్శించే సందర్భంలో మసకాదోను ప్రధాన ఆలయం నుంచి తొలగించి ఆవరణలోనే ఒక చిన్న గుడికి మార్చారు, ఆయన చోటులో వేరే గుడి నుంచి తెచ్చిన దేవతను నిలిపారు. ఆయన తిరిగి ప్రధాన ఆలయంలోకి వచ్చింది 1984లో, అంటే నూటపది ఏళ్ల తరువాత. అన్నేళ్లూ ఆయనను మరచిపోకుండా నిలుపుకున్నది పేటల జనమే. ఓతెమాచిలోని ఆ దిబ్బ కూడా అలాగే నిలిచింది. భూకంపం తరువాత దానిని చదును చేసి ఆర్థికశాఖ తాత్కాలిక భవనం కట్టింది. 1926లో ఆర్థికమంత్రి హయామి సెయిజి మరణించడంతో అది మసకాదో ఆగ్రహమేనన్న మాట వ్యాపించి, చివరికి ఆ స్థలాన్ని తిరిగి పూజాస్థలంగా వదిలిపెట్టారు. దేశంలోకెల్లా ఖరీదైన నేలల్లో ఒకటైన ఆ వీధిలో, బ్యాంకుల అద్దాల మేడల మధ్య ఆ కొద్ది జాగా ఇప్పటికీ అలాగే ఉంది. చుట్టుపక్కల కంపెనీలు దాని సంరక్షణలో పాలుపంచుకుంటున్నాయి.

గుడిలో ఏ దేవుడు ఉండాలో పైనుంచి ఆదేశం రావడం కన్నా పెద్ద జోక్యం ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను. కానుకల దుకాణం చూసి బాధపడేవారు ఈ ఘట్టానికి ఎక్కువ బాధపడాలి. నిశ్శబ్దమైన రాచగుడికి ఉన్న గౌరవం అధికారం నుంచి వచ్చింది. ఈ గోలగుడి తన దేవుణ్ణి నిలబెట్టుకున్నది తన బజారు జనం వల్ల.

జనవరి మొదటివారపు వరస

ఇంతవరకూ రాసినదానిలో నాకు పూర్తి నమ్మకం ఉంది. ఒక విషయంలో మాత్రం సందేహం తీరలేదు. కొత్త సంవత్సరపు సెలవులు ముగిసి కార్యాలయాలు తెరిచే రోజున, అంటే సాధారణంగా జనవరి 4న, నల్లకోట్లు తొడుక్కున్న ఉద్యోగులు కంపెనీలవారీగా వచ్చి ఈ గుడి ముందు వరస కడతారు. ఆ వరస గుడి ద్వారం దాటి వీధిలోకి పాకుతుంది. మా కార్యాలయం నుంచి కూడా వెళ్తాం. అది ఎవరి మొక్కు? యజమాని పిలిస్తే ఉద్యోగి రానంటాడా? పేటలోని చేపల వర్తకుడు తనకోసం తాను మొక్కుకోవడమూ, కంపెనీ తన ఉద్యోగులందరి తరఫునా మొక్కుకోవడమూ ఒకటేనని నేను అనలేను.

మాతో వచ్చిన ఒక సహోద్యోగి తన మతనియమాల ప్రకారం వేరే దేవుడి ముందు వంగడు. ఆ ఉదయం అతడు లోపలికి రాకుండా, ప్రవేశద్వారం పక్కన 1846 నుంచి నడుస్తున్న అమనోయా దుకాణం దగ్గర ఆగిపోయాడు. నేల కింద తవ్విన గదుల్లో బియ్యాన్ని పులియబెట్టి తియ్యని అమజకే చేసే దుకాణం అది. మేము బయటకు వచ్చేసరికి వేడివేడి అమజకేతో చేతులు కాచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఎవరూ అతణ్ణి ఏమీ అనలేదు, మా విభాగాధిపతి తానూ ఒకటి తాగి, అందరం కలిసి నడుచుకుంటూ వెళ్లాం. అది నాకు ఊరటనిచ్చింది. అయినా ప్రతి కార్యాలయంలోనూ అంత సులువుగా జరుగుతుందని చెప్పలేను. బాబాయి అభ్యంతరం ఈ దిశగా వచ్చి ఉంటే, నా దగ్గర ఇంత ధీమా ఉండేది కాదు.

పల్లకీ ఎవరు మోస్తారు

గుడిని చూసి బెంగపడవలసిన కారణం మరొకటి ఉంది, అది దుకాణాల్లో లేదు. బేసి సంవత్సరాల మే నెలలో జరిగే కందా ఉత్సవంలో, గుడి పరిధిలోని 108 పేటలు తమతమ మికోషి పల్లకీలను భుజాలకెత్తుకుని వస్తాయి. ఒకప్పుడు ఈ ఉత్సవంలో ఎత్తైన రథాలు ఎదో కోటలోకి ప్రవేశించేవి. మెయిజీ కాలంలో వీధుల మీద తీగలు పరుచుకున్నాక రథాలు కదలలేక, పల్లకీలు ముందుకు వచ్చాయి. నగరం మారినప్పుడల్లా దానికి తగినట్టు తన ఉత్సవాన్ని మలచుకున్న పేటలివి. ఇప్పుడు వాటికి ఎదురైన కష్టం తీగల వంటిది కాదు, మోసేవాళ్లే లేకపోవడం. ఈ పేటల్లో ఎక్కువ భాగం ఉన్న చియోదా వార్డులో 1955లో లక్షా ఇరవై రెండు వేలకు పైగా జనం నివసించేవారు. 1995 నాటికి వారి సంఖ్య 35 వేల లోపుకు పడిపోయింది. అపార్టుమెంటు మేడల పుణ్యమా అని 2020లో సుమారు 67 వేలకు చేరింది. పగటిపూట పనిచేయడానికి వచ్చేవారు మాత్రం ఎనిమిది లక్షలు దాటతారు. పిల్లలు తగ్గిపోయి 1993లో వార్డు ప్రాథమిక పాఠశాలలను కలిపేయవలసి వచ్చింది.

2023 ఉత్సవంలో మా కార్యాలయం వెనక వీధిలో పల్లకీ ఆగినప్పుడు, పేట పేరున్న హంతెన్ కోటు తొడుక్కున్న ఒక పెద్దాయన పక్కన నిలబడ్డాను. ఆయన నాకు బార్లీ టీ అందించి, ఆ వీధిలో తమ కాగితాల దుకాణం ఎక్కడ ఉండేదో చేత్తో చూపించారు. అక్కడ ఇప్పుడు తొమ్మిది అంతస్తుల కార్యాలయ భవనం ఉంది. ఆయన ఇప్పుడు ఉండేది సైతామాలో, గంటసేపు రైలు ప్రయాణం. పల్లకీ మోస్తున్నవారిలో ఈ పేటలో రాత్రి నిద్రపోయేవారు ఎందరని అడిగితే, ఆయన ఒక చేతి వేళ్లు మడిచి, మిగతా చేతిని మడవకుండానే ఆపేశారు. మిగిలినవారంతా పక్క ప్రాంతాల నుంచి వచ్చిన పల్లకీ మోసే బృందాలవారూ, ఆ భవనంలోని కంపెనీ ఉద్యోగులూ.

అందుకే గుడికి వచ్చేవారి రద్దీని చూసి నాకు భయం వేయదు. వచ్చి మొక్కుకుని వెళ్లేవారు ఎప్పుడూ ఉంటారు. గుడి పట్ల బాధ్యత ఉన్నవారు, అంటే చందా లెక్కలు రాసేవారు, పల్లకీ చెక్కలను తుడిచి భద్రపరిచేవారు, వర్షం పడితే ఏంచేయాలో ముందే ఆలోచించేవారు తగ్గిపోవడమే అసలు ముప్పు. ఐటీ రక్షరేకు కొనుక్కున్న నేనూ, పలక మీద బొమ్మ గీసిన కుర్రవాడూ ఇంకా ఆ రెండో జాబితాలో లేము. నా వాదన ఇక్కడ నా వైపుకే తిరుగుతుంది. బజారు జనమే ఈ గుడిని కాపాడారని చెప్పే నేను, ఈ బజారులో పని చేస్తూ, రాత్రికి నిషికసాయిలోని మన తెలుగువాళ్ల మధ్యకు వెళ్లిపోతున్నాను.

పేట సంఘాలు తమ తలుపులు ఇంకా వెడల్పుగా తీయాలనీ, కొత్త మేడల్లో ఉండేవారినీ పగలంతా ఇక్కడే గడిపే మాలాంటి ఉద్యోగులనూ, విదేశీయులైనా సరే, సభ్యులుగా చేర్చుకోవాలనీ నా అభిప్రాయం. దీనికి వ్యతిరేకంగా చెప్పదగినదీ ఉంది: ఉద్యోగం మారితే వెళ్లిపోయేవారి చేతిలో తరాల నాటి పల్లకీని ఎలా పెడతారు? ఈ మాట ఆ పెద్దాయన దగ్గరే ఎత్తాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఉత్సవం రోజున హంతెన్ అడగడానికి వచ్చేవారు చాలామంది ఉన్నారనీ, అంతకు ముందు ఏడాది పొడుగునా జరిగే సమావేశాలకూ, వీధి శుభ్రం చేసే పనికీ, సామాన్ల గది సర్దడానికీ వచ్చేవారే తమకు కావాలనీ అన్నారు. సమావేశాలు పనిరోజుల సాయంత్రాలు, జపనీస్‌లో జరుగుతాయి, నా జపనీస్ అందుకు చాలదు. అయినా 2027 మే నెల ఉత్సవం నాటికి కొంత పని చేయగలిగినవాళ్లం మా కార్యాలయంలో ముగ్గురం తేలాం. ముందు సామాన్ల గదితో మొదలుపెట్టమన్నారు.